తహతహకు అర్హత లేదు

గెడ్డవలస పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటు వరహాలు మంచి తెలుగు రాస్తాడని పేరు. ఆ పేరు రావడానికి ముఖ్య కారణం మిగతావాళ్ళెవరూ రాయకపోవడం. చైర్మన్ గారికి సన్మానపత్రం కావాలన్నా, బదిలీ అయిన కమిషనరుకు వీడ్కోలు కావాలన్నా, పోయిన కౌన్సిలరుకు సంతాపం కావాలన్నా వరహాలే రాయాలి. ఒకసారి సంతాపమూ సన్మానమూ తారుమారైనా సభలో ఎవరూ గుర్తుపట్టలేదు. సన్మానం పొందినాయన మటుకు ఇంటికెళ్ళి రెండు రోజులు దిగులుగా ఉన్నాడట.

ఊళ్ళో బెల్లపు వీధి చివర మంచినీళ్ళ ట్యాంకు కట్టారు. దాని ప్రారంభోత్సవానికి స్వాగతపత్రం రాసే పని కూడా వరహాలు మీదే పడింది. అతను అద్దెకుండేది ఆ వీధిలోనే. భార్య పైడితల్లి రోజూ పొద్దున్నే రెండు వీధులవతల బోరు దగ్గర్నుంచి బిందెలు మోసుకొస్తుంది. అందుచేత ఈసారి మనసుపెట్టి రాశాడు. "పట్టణ ప్రజల దాహం తీర్చాలనే యావతో అహర్నిశలూ శ్రమించే మన ప్రియతమ చైర్మన్ శ్రీ ఉమాపతిరావు గారు" అన్నాడు. వరహాలు ఉద్దేశంలో అది పొగడ్త. వాళ్ళ ఊళ్ళో "పిల్లడికి చదువు యావ" అంటే కన్నతల్లి మురిసిపోతుంది.

సభలో ఆ వాక్యం మైకులో వినపడగానే ప్రతిపక్షం కౌన్సిలరు లేచి నిలబడ్డాడు. "ఆ యావ ట్యాంకు కడుతున్నప్పుడే చూశాం లెండి!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. చైర్మన్ గారి మొహం కందగడ్డలా అయింది. ఆయన రిబ్బను కత్తిరించి, వీధి మొదట్లో పాతిన కుళాయి తిప్పి, ఎవరితోనూ మాట్లాడకుండా కారెక్కారు. కుళాయి తిప్పినా నీళ్ళు రాలేదు. ట్యాంకు నుంచి వీధిలోకి గొట్టాలు ఇంకా వెయ్యలేదు. కానీ ఆ రోజు నీళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. అందరూ యావ గురించే మాట్లాడుకున్నారు.

మర్నాడు వరహాలుకు మెమో వచ్చింది. "గౌరవ చైర్మన్ గారికి యావ కలదని తమరు ఏ ఆధారముతో నిర్ధారించితిరో తెలుపవలసినది" అని అందులో ఉంది.

వరహాలు భయపడి నిజాయితీగా జవాబు రాశాడు. "యావ అనగా గట్టి కోరిక. ప్రజలకు నీళ్ళివ్వవలెనని చైర్మన్ గారికి గట్టి కోరిక లేదని తేలినచో సదరు మాటను ఉపసంహరించుకొనుటకు సిద్ధముగా ఉన్నాను."

ఈ జవాబు చూసి కమిషనర్ ఫణీంద్ర తల పట్టుకున్నాడు. యావ ఉందని ఒప్పుకుంటే చైర్మన్ గారికి అవమానం. లేదంటే ఆయనకు నీళ్ళివ్వాలని లేదని ఆఫీసే రాసిచ్చినట్టవుతుంది. ఫణీంద్ర కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చాడు. లోకంలో ప్రతి సమస్యకూ మూలం వర్గీకరణ లోపమని అతనికి శిక్షణలో నేర్పారు. అతను దాన్ని నమ్మాడు.

"చూడండి వరహాలూ, తప్పు మీది కాదు, భాషది," అన్నాడు పిలిచి. "ఒక్క భావానికి ఇన్ని మాటలేమిటి? ఏది ఎవరు వాడాలో ఒక పద్ధతి లేదు. మన ఆఫీసులో కుర్చీకి కూడా హోదా ఉంది కదా? చేతులున్న కుర్చీ నాది, చేతుల్లేనిది మీది. కుర్చీకున్నపాటి హోదా కోరికకు లేకపోతే పరిపాలన ఎలా సాగుతుంది?"

వరహాలు తన కుర్చీ వైపు చూసి, నిజమేనన్నట్టు తల ఊపాడు.

భాషా నిపుణుడిగా సోమయాజులు గారిని పిలిపించారు. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దమనిషి. రిటైరయ్యాక ఆయన్ని ఒక మాటకు అర్థం అడిగినవాడు లేడు. గ్యాసు బండ వచ్చిందా అని ఇంట్లో అడుగుతారు, అంతే. కబురు అందగానే పట్టుపంచె కట్టుకుని, రెండు సంచుల నిండా పుస్తకాలు మోయించుకుని దిగాడు. మీటింగు హాల్లో అందరికీ పెసరట్లు తెప్పించారు. చైర్మన్ గారే అధ్యక్షత వహించారు.

"కోరిక, ఆశ, ఇచ్ఛ, అభిలాష, ఆకాంక్ష, వాంఛ, తపన, ఆరాటం, ఉబలాటం, తహతహ, మోజు..." అని సోమయాజులు గారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ఒక్కొక్కటే చెప్పండి సార్, తీవ్రత ప్రకారం," అన్నాడు కమిషనరు. "ఇష్టానికి ఎంత తీవ్రత?"

"ఇష్టమంటే ఉంటే బాగుంటుంది, లేకపోయినా అన్నం సయిస్తుంది."

"అయితే అది అటెండర్లకు సరిపోతుంది. తహతహ?"

"నాలిక పిడచకట్టుకుపోయేటంత. మనిషి ఒక చోట నిలవలేడు."

"అంత పెద్దది గెజిటెడ్ హోదాకు తక్కువైతే ఇవ్వకూడదు. రాసుకోండి వరహాలూ. తర్వాత?"

"లాలస."

చైర్మన్ గారు ఆ శబ్దానికి ముచ్చటపడి చట్నీ గిన్నె పక్కన పెట్టారు. "ఇది బావుందయ్యా. నాకు పెట్టండి."

సోమయాజులు గారు దగ్గాడు. "అంటే... చిత్తం... అది కాస్త ఆడవాళ్ళ విషయంలో..."

"ఒద్దొద్దు. మా ఇంట్లో ఒప్పుకోరు."

"కక్కుర్తి," అన్నాడు సోమయాజులు గారు, ఊపులో.

ట్యాంకు కట్టించిన ఇంజనీరు పంకా వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మాటను తదుపరి సమావేశానికి వాయిదా వేశారు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. అటెండర్లకు ఇష్టం. జూనియర్ అసిస్టెంట్లకు కోరిక. సీనియర్లకు ఆశ. గెజిటెడ్ అధికారులకు ఆకాంక్ష, తపన, తహతహ. చైర్మన్ గారికి సంకల్పం. యావ ఎవరూ వాడరాదు. సాధారణ ప్రజల సంగతి మొదట మర్చిపోయారు. చివర్లో సోమయాజులు గారు గుర్తుచేస్తే, వాళ్ళని అటెండర్ల పక్కన చేర్చి, "ప్రజలు ఇష్టమునకు మించి కోరరాదు" అని ఒక వాక్యం కలిపారు. ఆ ఉత్తర్వును తప్పుల్లేకుండా రాసింది వరహాలే. రాస్తున్నంతసేపూ, తనమీద మెమో రద్దవుతుందనే సంతోషంలో ఉన్నాడు.

మొదటి దెబ్బ అటెండరు దాలినాయుడికి తగిలింది. "మా చెల్లి పెళ్ళికి వెళ్ళవలెనని ఆకాంక్షించుచున్నాను" అని సెలవు చీటీ పెట్టాడు. హోదాకు మించిన మాట వాడినందుకు చీటీ తిరిగొచ్చింది. దిద్దుకుని, "వెళ్ళుట నాకు ఇష్టము" అని రాశాడు. కమిషనరు చదివి, "ఇష్టమేగా, అంత తొందరేముంది? ఆదివారం వెళ్ళిరా," అన్నాడు. పెళ్ళి గురువారం అయిపోయింది. దాలినాయుడు ఆదివారం వెళ్ళి, మిగిలిన లడ్డూలు నాలుగు మూటగట్టి ఆఫీసుకు తెచ్చాడు. అందరూ తలా కాస్తా తిన్నారు, కమిషనరుతో సహా.

పెళ్ళిళ్ళు నమోదుచేసే గదిలో ఒక కండక్టరు కుర్రాడు పెళ్ళికూతుర్ని తీసుకొచ్చి నిలబడ్డాడు. ఆ పిల్ల హైస్కూలు టీచరు. అబ్బాయి హోదాకు కోరిక మటుకే వస్తుంది, అమ్మాయికి ఆశ దాకా వస్తుంది. ఇద్దరి మధ్య స్థాయీభేదం ఉంది కనుక అబ్బాయికి ప్రమోషన్ వచ్చాక రమ్మన్నారు.

బెల్లపు వీధిలో వరహాలు ఇంటి యజమానురాలు రత్నమాణిక్యం. ముందుగదిలో బెల్లం కొట్టు, వెనక రెండు గదులు అద్దెకు. ట్యాంకు ప్రారంభమై ఇన్నాళ్ళయినా గొట్టాలు వెయ్యకపోయేసరికి, ఆమె వీధివాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చింది. "ట్యాంకు నీడలో కూర్చుని నీళ్ళకోసం తహతహలాడిపోతున్నాము" అని అందులో రాయించింది. వారం తిరక్కుండా అర్జీ వెనక్కి వచ్చింది. దాని అడుగున ఎర్ర సిరాతో "తహతహకు అర్హత లేదు" అని ఉంది.

రత్నమాణిక్యం అర్జీ పట్టుకుని, వరహాలుని వెంటబెట్టుకుని కమిషనరు గదిలోకి వెళ్ళింది.

"బాబూ, ఇదేటి? మాకు దాహానికి కూడా అర్హతుండాల?"

"దాహం ఉండొచ్చమ్మా. దాహం శరీర లక్షణం, దానికి మా అభ్యంతరం లేదు," అన్నాడు ఫణీంద్ర ఓర్పుగా. "తహతహ మటుకు గెజిటెడ్. మీరు ఇష్టమని రాసుకురండి, పరిశీలిస్తాం."

ఆమె తిరిగివెళ్ళి, "మా వీధికి నీళ్ళు రావడం మాకు ఇష్టము" అని రాయించి తెచ్చింది. దానికి జవాబు ఇంకా తొందరగా వచ్చింది. "అర్జీదారుల కోరికలో తీవ్రత కానరానందున, అంతకన్న అత్యవసరమైన పనులున్నందున, తిరస్కరించడమైనది."

"పెద్ద మాట రాస్తే హోదా నేదంటారు, సిన్న మాట రాస్తే అవసరం నేదంటారు," అంది రత్నమాణిక్యం ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని. "మరి మజ్జిలో మాటేటైనా ఉందా వరహాలు బాబూ? నువ్వే కదా ఆ కాయితం రాసినావు."

వరహాలు ఉత్తర్వులోని మాటలన్నీ గుర్తుచేసుకున్నాడు. మధ్యలో మాటలు లేకపోలేదు. అవన్నీ ఎవరో ఒకరికి కేటాయించేశారు, అతని చేతిరాతతోనే. ఆమె మొహం వంక చూడలేక, "లేదు పిన్నీ," అన్నాడు.

అప్పుడే పైడితల్లి బిందె భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బోరు దగ్గర తోపులాటలో సగం నీళ్ళు ఒలికిపోయి చీర తడిసిపోయింది. ఆమె బిందె దించి, మొగుడి వైపు చూడకుండా చీర కొంగు పిండుకుంది.

"కోరుకుంటేనే కదా ఈ గొడవంతాను," అంది. "మాకు నీళ్ళు అక్కర్నేదని రాసీండి. పీడా ఒదిలిపోతాది."

కోపంతో అన్న మాటే అది. కానీ రత్నమాణిక్యం అది విని, లేచి వీధిలోకి నడిచింది. ఇంటింటికీ తిరిగింది. మర్నాడు పొద్దున్నే వరహాలు బల్లమీద ఒక అర్జీ పడింది. "బెల్లపు వీధివాళ్ళము రాసుకొనునది. మాకు కుళాయిలు అక్కర్లేదు. నీళ్ళు అసలే అక్కర్లేదు. దయచేసి ఇవ్వవద్దు."

కమిషనర్ ఫణీంద్ర దాన్ని రెండుసార్లు చదివి మురిసిపోయాడు. ఉత్తర్వు వచ్చాక, హోదా చూడాల్సిన మాట ఒక్కటీ లేకుండా వచ్చిన మొదటి అర్జీ అదే. "ప్రజల్లో ఎంత మార్పు వచ్చిందో చూశారా!" అంటూ ఆమోదముద్ర వేసి, ఒక నకలు పై ఆఫీసుకు కూడా పంపాడు.

పై ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టరు గారు దిగారు. ఆయన వచ్చింది అభినందించడానికే అనుకుని పూలదండ తెప్పించారు. ఆయన దండ వేసుకోకుండా తిన్నగా ట్యాంకు దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశారు.

"ఇది ఎవరికోసం కట్టారు?"

"బెల్లపు వీధి నివాసుల సౌకర్యార్థం సర్," అన్నాడు ఇంజనీరు.

"వాళ్ళకు అక్కర్లేదని మీరే ఆమోదించారు కదా. ఎవరికీ అక్కర్లేని ట్యాంకు ఏ ప్రాతిపదికన కట్టారు? ప్రజల్లో కోరిక ఉన్నట్టు నిర్ధారించి, వాళ్ళ సంతకాలతో పంపండి. లేకపోతే అందరి మీదా చర్య ఉంటుంది. చైర్మన్ గారితో సహా."

ఆ మధ్యాహ్నం బెల్లపు వీధివాళ్ళు ఎన్నడూ చూడని దృశ్యం చూశారు. చైర్మన్ గారు, కమిషనరు, ఇంజనీరు, మాటల సంచులతో సోమయాజులు గారు, వాళ్ళ వెనక కాగితాలు పట్టుకుని వరహాలు, అందరూ ఎండలో రత్నమాణిక్యం కొట్టుముందు నిలబడ్డారు.

"అమ్మా, కొంచెం కోరుకోండి," అన్నాడు ఫణీంద్ర. అతని నుదుటి మీద చెమట కారుతోంది.

"ఒద్దు బాబూ. మాకా అర్హత నేదు కదా."

"సడలించాం తల్లీ! ప్రత్యేక అనుమతి మీద తహతహ ఇచ్చేస్తున్నాం. వీధి మొత్తానికి!"

"మొన్నయితే పుచ్చుకుందుము. ఇప్పుడు అలవాటు తప్పిపోనాది."

"పోనీ, ఆకాంక్ష?" అన్నాడు సోమయాజులు గారు ఆశగా. "సంస్కృతం. చాలా గౌరవమైన మాట."

"అంత పెద్ద మాట మా ఇంట్లో ఎక్కడెట్టుకుంటాం పంతులు గారూ."

చైర్మన్ గారు ముందుకొచ్చారు. చేతులు జోడించారు. "చెల్లెమ్మా, నా సంకల్పం కూడా మీరే తీసుకోండి. నా పరువు నిలబెట్టండి."

రత్నమాణిక్యం బెల్లం దిమ్మమీద వాలిన ఈగల్ని విసనకర్రతో తోలింది. వీధి ఆడవాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. పైడితల్లి తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది.

"మీరింతలా అడగతన్నారు కాబట్టి సెప్తన్నాను," అంది రత్నమాణిక్యం. "నీళ్ళు కళ్ళబడితే కదా కావాలో వద్దో తెలిసీది? ముందు గొట్టాలు ఎయ్యండి. నీళ్ళు ఒదలండి. తాగి సూసి, మాకు దాహం ఏసిందో నేదో అప్పుడు సెప్తాం."

గెడ్డవలస చరిత్రలో ఏ పనీ అంత వేగంగా జరగలేదు. ఇంజనీరు తానే గొయ్యిలోకి దిగాడు. అడ్డొచ్చిన బండరాయిని చైర్మన్ గారి అనుచరులు పగలగొట్టారు. ఒకనాటి పొద్దున, ఇంకా ఎండెక్కకముందే, ప్రతి ఇంటి ముందూ కుళాయి బుసకొట్టి, కాస్త బురద కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళు పోసింది.

పైడితల్లి బిందె పెట్టడం మర్చిపోయింది. ధార కింద రెండు చేతులూ పెట్టి, మోచేతుల దాకా తడుపుకుంటూ నిలబడిపోయింది. వరహాలు ఆమెనే చూశాడు. పెళ్ళయిన కొత్తలో నవ్వినట్టు ఆమె ఎందుకో నవ్వుతోంది.

అవతల రత్నమాణిక్యం గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తాగింది. కమిషనరు, చైర్మన్ గారు, సోమయాజులు గారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. దాలినాయుడు సంతకాల కాగితం ముందుకు చాపాడు.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు కమిషనరు.

"పర్వానేదు."

"కావాలనిపిస్తోందా?"

ఆమె మూతి తుడుచుకుని ఆలోచించింది. "ఒక్క గ్లాసుకేటి తెలుస్తాది బాబూ? రేపు మళ్ళీ ఒదలండి."

రేపూ వదిలారు. ఎల్లుండీ వదిలారు. దాలినాయుడు రోజూ కాగితం పట్టుకొస్తాడు. వీధివాళ్ళు రోజూ తాగుతారు, స్నానాలు చేస్తారు, మొక్కలకు పోస్తారు, ఇంకా తేల్చుకోలేకపోతున్నామంటారు. తేల్చుకునేదాకా నీళ్ళు ఆపడానికి ఆఫీసుకు వీల్లేదు. ఒకరోజు మోటారు పాడైతే కమిషనరు స్వయంగా వచ్చి, మీరు ఈలోగా వద్దని మటుకు నిర్ణయించుకోకండమ్మా అని బతిమాలి వెళ్ళాడు.

సంగతి ఊరంతా పాకింది. అర్జీల కౌంటరు ముందు వరస కట్టారు. "మా సందుకు దీపాలు అక్కర్లేదు." "మా బడికి పంతులు గారిని పంపవద్దు." "మా పేటకు మురుగుకాలవ మీద మాకు ఏ విధమైన ఇష్టమూ లేదు." కమిషనరు ఒక్కొక్కటీ వణుకుతూ చదివి, "పై ఆఫీసుకు తెలిసేలోపు పని మొదలెట్టండి!" అని కేకలు వేసేవాడు. తర్వాతి ఆరునెలల్లో గెడ్డవలసలో జరిగినంత అభివృద్ధి అంతకుముందు జరగలేదు. ఊరికి రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. సన్మానపత్రం వరహాలు రాశాడు. చాలా జాగ్రత్తగా, ఎవరికీ ఏ కోరికా అంటగట్టకుండా.

ఆ రోజుల్లోనే ఆఫీసులో సూపరింటెండెంటు పదవి ఖాళీ అయింది. వరసలో ముందున్నది వరహాలే. అతను ఊళ్ళో జరుగుతున్నదంతా కళ్ళారా చూశాడు కదా, రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఒక అర్జీ రాసి కమిషనరు బల్లమీద పెట్టాడు. "నాకు ప్రమోషన్ అక్కర్లేదు. దయచేసి ఇవ్వవద్దు."

సాయంత్రానికే జవాబు వచ్చింది. "ఉద్యోగి నిష్కామబుద్ధి ప్రశంసనీయము. అర్జీ యథాతథంగా ఆమోదించడమైనది. పదవి తరువాతివారికి ఇవ్వవలసినది."

వరహాలు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి అరుగుమీద కూలబడ్డాడు. పైడితల్లి కుళాయి కింద చెంబు పట్టి తెచ్చి ఇచ్చింది. అతను తాగలేదు. జరిగింది చెప్పాడు.

"ప్రమోషన్ కావాలనుండేదా మావా?" అంది ఆమె పక్కన కూర్చుని.

"ఉండేది."

"ఎంత?"

మంచి తెలుగు రాసే వరహాలు నోరు తెరిచాడు. తన హోదాకు ఆశ దాకా వస్తుంది. అది చాలదు. ఇంకో మాటకోసం వెతికాడు, దొరకలేదు. చివరికి చెంబు పక్కన పెట్టి, రెండు చేతులూ బారెడంత చాపి చూపించాడు.

"అంతుండేదా!" అంది పైడితల్లి.

అవునని అతను తల ఊపాడు. చాపిన చేతులు మాత్రం చాలాసేపు దించలేదు.